బెత్తెడు

అవతలి పట్టాలు ఇరుకు, మావి వెడల్పు.
తేడా ఎనభై అయిదు మిల్లీమీటర్లు.
నాలుగు వేళ్లు దగ్గరికి చేర్చి చూడండి,
బెత్తెడు.
ఆ బెత్తెడు మీదే మా ఊరు బతుకుతోంది.

ఊరి పేరు దోస్తిక్. అంటే దోస్తీ.
పేరు పెట్టినవాళ్లు వెళ్లిపోయారు, గాలి మిగిలింది.
రెండు కొండల సందులోంచి వచ్చే ఆ గాలి
గుర్రాన్ని కూడా పక్కకి నెట్టేస్తుంది.
క్రేన్ గదిలో నేను, థర్మోస్‌లో ఉప్పు చాయ్,
జేబులో రెండు కుర్త్ ఉండలు.
ఎండబెట్టిన పెరుగది, గులకరాయిలా ఉంటుంది,
ఒకటి బుగ్గన పెట్టుకుంటే సగం రైలు దిగిపోతుంది.

వాళ్ల రైలు వచ్చి ఆగుతుంది.
మా రైలు దాని పక్కన నిలబడుతుంది, పలకరింపు లేని వియ్యంకుడిలా.
ఒక్కో పెట్టెనూ ఎత్తి ఇటు దించుతాను.
దోమతెరలు, ట్రెడ్‌మిల్లులు, ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్లు,
ఏ పోలండ్ పిల్ల కోసమో కళ్లు ఆర్పే బొమ్మలు.
రెండు వారాల్లో జర్మనీ చేరతాయట.
"ప్రపంచానికి ఇప్పుడు గోడల్లేవు కుల్యాష్" అంటాడు
మా సూపర్‌వైజర్ యెర్సాయిన్,
మెడలో గుర్తింపు కార్డు సర్దుకుంటూ.
అది మర్చిపోయిన రోజున
ఆయన్ని ఆయన ఆఫీసులోకే రానివ్వలేదు.

మా పిన్ని రౌశన్ అవతల ఉంటుంది.
కూతవేటు దూరం.
మాటవరసకి కాదు. అక్కడ రైలు కూస్తే ఇక్కడ వినిపిస్తుంది.

ఆ ఏడు అమ్మమ్మ పెద్దదాన్ని వీపున కట్టుకుని కొండ దాటింది.
చిన్నదానికి జ్వరం.
వారంలో వస్తానని పక్కింట్లో పడుకోబెట్టింది.
వారం పూర్తి కాకముందే తీగ వేసేశారు.
ముప్ఫై ఏళ్లకి తలుపు తీశారు.
పిన్ని రెండుసార్లు వచ్చింది.
ఈ పూల థర్మోస్ ఆమె తెచ్చిందే.
అమ్మా తనూ ఒకే దిండు మీద పడుకుని
తెల్లవార్లూ ఏమీ మాట్లాడుకోలేదు.

తర్వాత తీగలు మారాయి.
ఫోన్ తీగ, ఆ తర్వాత తీగే లేని ఫోన్.
చివరిసారి పిన్ని గొంతు:
"ఇక్కడ ఎండ బాగుంది. ఇక చెయ్యొద్దమ్మా."
అది జనవరి.
నా కిటికీ అవతల తెల్లగా, ఏమీ కనబడకుండా ఉంది.

అమ్మ పోయిన నలభయ్యో రోజున
అమ్మ చేత్తో ఉండలు కట్టిన ఆఖరి కుర్త్
కిలో పొట్లం కట్టి పంపాను.
పదకొండు రోజులకి తిరిగొచ్చింది, ముద్ర వేసుకుని:
పాల పదార్థాలు అనుమతించబడవు.
నా జేబులో ఉన్నవి అవే.
పొదుపుగా తింటున్నాను.

మొన్న రాత్రి షిఫ్టులో,
పదిహేడో పెట్టె ఎత్తేసరికి
మీటరు కాగితంతో కలవలేదు.
నలభై మూడు కిలోలు ఎక్కువ.
దీపం తిప్పి చూశాను.
పెట్టె కప్పు మీద మంచు,
అవతల కురిసింది,
ఎవరూ తుడవనిది, ఎవరూ రాసుకోనిది.

నలభై మూడు.
పిన్ని ఇప్పుడు అంతే ఉంటుందేమో.

"ఏమైంది, ఎందుకాపావు?" రేడియోలో యెర్సాయిన్.
ఏం లేదన్నాను. గాలి అన్నాను.
కొంచెంసేపు అలాగే పట్టుకున్నాను,
రెండు పట్టాలకూ మధ్య, ఏ దేశమూ కాని చోట.
ఊగుతోంది.
తర్వాత, బొమ్మలుంటాయి కదా లోపల,
ఎంత నెమ్మదిగా దించగలనో అంత నెమ్మదిగా దించాను.